రాతినేలపై నీటి పాఠం

తెలుగునాట పాతకాలపు ఇళ్ల వసారాల్లోను, గుడి ప్రాంగణాల్లోను అరికాలికి చల్లగా తగిలే నాపరాతి బండలకు ప్రసిద్ధి బేతంచెర్ల. నంద్యాలకు, డోన్‌కు నడుమ రైలుమార్గంపై ఉన్న ఈ ఊరు చిరకాలం కర్నూలు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరింది. ఊరి చుట్టూ రాతి గనులు. ఊళ్లో బండలను కోసి నునుపు చేసే ఫ్యాక్టరీలు. గనిలో పనిచేసి సాయంకాలం ఇల్లు చేరే మనిషి కనురెప్పల మీద కూడ తెల్లని ధూళి ఉంటుంది. అది పోవాలంటే బిందెడు నీళ్లు కావాలి. ఆ ఇంటి పిల్లలు మరునాడు బడికి వెళ్లేముందు స్నానం చేయాలంటే మరో రెండు బిందెలు కావాలి. కర్నూలు ప్రాంతంలో ఏడాదికి కురిసే సగటు వర్షం 700 మిల్లీమీటర్ల లోపే. పరిశుభ్రతను గురించిన పాఠం మూడవ తరగతి వాచకంలోనే ఉంటుంది. దానిని ఆచరించడానికి కావలసిన నీరు మాత్రం ఈ నేలలో అంత సులభంగా దొరకదు. దొరికిన నీటి స్వభావమూ విచిత్రమైనదే.

బేతంచెర్ల పరిసరాలది సున్నపురాతి నేల. కోట్లాది సంవత్సరాల క్రితం సముద్రగర్భంలో పొరలు పొరలుగా పేరుకొన్న రాయి ఇది. వాన చినుకు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని కొద్దిపాటి ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు రాతి పగుళ్లలోకి దిగి సున్నపురాతిని అణువణువుగా కరిగిస్తుంది. యుగాలు గడిచేసరికి పగులు సందుగా, సందు సొరంగంగా మారుతుంది. బేతంచెర్లకు సమీపంలోని బిల్లసర్గం గుహలు ఈ విధంగా ఏర్పడినవే. 1844లో న్యూబోల్డ్ వాటిని గురించి రాశాడు. భారతదేశ పూర్వచరిత్ర పరిశోధనకు ఆద్యుడైన రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1880వ దశకంలో అక్కడ తవ్వకాలు జరిపి, ప్రాచీన జంతువుల ఎముకలను వెలికితీశాడు. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా సాగుతాయి. వాటి లోతట్టున పాతాళగంగ అనే నీటిపాయ ఉంది. చూడవచ్చినవారు ఆ శిల్పాన్ని చూసి అబ్బురపడతారు. ఆరోగ్యం దృష్టితో చూసేవారికి అక్కడ మరొక సంగతి తోస్తుంది. ఇసుకనేలలో ఇంకిన నీరు మెల్లగా వడపోతకు లోనై అడుగుకు చేరుతుంది. సున్నపురాతి పగుళ్లలో పడిన నీటికి అటువంటి వడపోత లేదు. పైన పారబోసిన మురుగు అలాగే కిందికి జారి, ఏ బోరుబావిలోనో తేలవచ్చు. నేలలోకి పోయింది కదా అని ఇక్కడ ఎవరూ నిశ్చింతగా ఉండడానికి లేదు.

ఈ రాయి నీటి రుచిని మారుస్తుంది; సబ్బు పనితీరునూ మారుస్తుంది. సున్నపురాతిని కరిగించుకొని వచ్చిన నీటిలో కాల్షియం లవణాలు అధికం. దానినే కఠినజలం అంటారు. ఇంటర్మీడియట్ రసాయన శాస్త్రంలో తాత్కాలిక కాఠిన్యం, శాశ్వత కాఠిన్యం అని రెండు మార్కుల ప్రశ్నకు జవాబు రాసే విద్యార్థికి ఇది సమీకరణాల వ్యవహారంగానే కనిపించవచ్చు. ఆ సమీకరణం వంటగదిలో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లని పెచ్చుగా పేరుకొని ఉంటుంది. వేడిచేసినప్పుడు నీటిలోని కాల్షియం బైకార్బొనేటు విడిపోయి మళ్లీ సున్నపురాయిగా మిగులుతుంది. ఊరి చుట్టూ ఉన్న కొండరాయీ, గిన్నెలోని పెచ్చూ ఒకే పదార్థం.

అదే నీటితో ఆరో తరగతి పిల్లవాడు చేయి కడుక్కోబోయాడనుకుందాం. సబ్బు రుద్దుతాడు, నురగ రాదు. నురగకు బదులు బూడిదరంగు తెట్టె వేళ్లకు అంటుకొంటుంది. సబ్బులోని కొవ్వు ఆమ్లాలు నీటిలోని కాల్షియంతో కలిసి కరగని పదార్థంగా మారిపోవడమే దీనికి కారణం. ఎంతో కొంత సబ్బు ఆ విధంగా వృథా అయిన తరువాతనే మిగిలిన సబ్బు మురికిపై పనిచేస్తుంది. దూరదర్శన్ ప్రకటనల్లో పొంగి పొరలే నురగను చూసి పెరిగిన పిల్లవాడికి తన చేతిలోని జిడ్డు నచ్చదు. సబ్బు పక్కన పెట్టి, చేయి రెండుసార్లు నీటిలో ఆడించి, చొక్కాకు తుడుచుకొని వెళ్లిపోతాడు. వాడిని అజ్ఞాని అనడం న్యాయం కాదు. ఇటువంటి నీటిలో సబ్బు కాస్త ఎక్కువ పట్టాలని, నురగ రాకపోయినా వేళ్ల సందులు, గోళ్ల కొసలు ఇరవై సెకన్లపాటు రుద్దితే మురికి వదులుతుందని వాడికి ఎవరూ చెప్పి ఉండరు. పాఠ్యపుస్తకాలు దేశమంతటికీ ఒకే నీరు ఉన్నట్లు రాయబడతాయి.

తాగే నీటి విషయంలో జనంలో జాగ్రత్త పెరిగిన మాట నిజమే. ఇరవై లీటర్ల క్యాను కొనుక్కొనే అలవాటు చిన్న ఊళ్లకూ వచ్చింది. అందువల్ల ఒక వింత విభజన ఏర్పడింది. గొంతులో పోసుకొనే నీటికి డబ్బు పెట్టడానికి సిద్ధపడే ఇంటిలో చేయి కడిగే నీటిని గురించి ఆలోచన ఉండదు. ఎంత శుద్ధిచేసిన నీరైనా, మురికి చేతిని గ్లాసులో ముంచిన క్షణంలో ఆ శుద్ధి ముగుస్తుంది. పొడవాటి పిడి ఉన్న గరిటెతో నీరు ముంచుకొనే పద్ధతి, కుండకు కుళాయి బిగించే పద్ధతి ఈ కారణంగానే ఏర్పడ్డాయి. వాటికి క్యాను ధరలో పదోవంతు ఆలోచన చాలు.

బడిలో నీటి లెక్క ఇంకా కఠినమైనది. పగటిపూట నడిచే పాఠశాలలో ఒక్కొక్క విద్యార్థికి రోజుకు 45 లీటర్ల నీరు ఉండాలని భారతీయ ప్రమాణం. తాగడానికి, చేతులకు, మరుగుదొడ్డికి కలిపి ఈ లెక్క. మూడువందలమంది చదివే ఉన్నత పాఠశాలకు ఆ ప్రకారం 13,500 లీటర్లు కావాలి. మేడపై వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు ఒకటే ఉంటే, దానిని రోజుకు పదమూడుసార్లకు పైగా నింపాలి. వేసవిలో కరెంటు, బోరు రెండూ ఒకేసారి సహకరించిన రోజున కూడ అది జరిగే పని కాదు. అందుచేత ఎక్కడైనా జరిగేది సర్దుబాటే. ముందు వంటకు, తరువాత తాగడానికి, మిగిలితే చేతులకు, చివరికి మరుగుదొడ్డికి. కొరత వచ్చినప్పుడు మొదట ఆగిపోయేది ఆ చివరిదే. తలుపుకు తాళం పడుతుంది.

తాళం పడిన తలుపును మగపిల్లలు పెద్దగా పట్టించుకోరు. ఆడపిల్లలకు అది దినచర్యనే మార్చివేస్తుంది. ఎనిమిదో తరగతి బాలిక ఉదయం ఇంటివద్ద సగం గ్లాసు నీరు తాగి బయలుదేరుతుంది. సీసాలోని నీటిని మధ్యాహ్న భోజనందాకా ముట్టదు. అన్నం తిన్నాక రెండు గుక్కలు మాత్రమే తాగుతుంది. ఏప్రిల్ నెలలో రాతినేల మీది వేడి ఎలా ఉంటుందో తెలిసినవారికి ఆ రెండు గుక్కల కష్టం అర్థమవుతుంది. ఎవరూ నేర్పకుండానే ఆమె ఈ గణితం నేర్చుకొంది: తాగకపోతే పోవలసిన అవసరం రాదు. దీని ఫలితంగా తలనొప్పి, మలబద్ధకం, మూత్రనాళ వ్యాధులు వస్తాయి. వాటిని ఆమె ఇంటిలో చెప్పదు. బడిలో అసలే చెప్పదు. ఉపాధ్యాయునికి కనిపించేది మధ్యాహ్నపు తరగతిలో ముఖం వేలాడవేసుకొన్న ఒక విద్యార్థిని మాత్రమే.

పిల్లలు నీరు సరిగా తాగడం లేదని గుర్తించి, 2019లో కేరళ పాఠశాలల్లో ‘నీటి గంట’ ప్రారంభించారు. పాఠం మధ్యలో గంట మోగితే అందరూ సీసాలు తీసి నీరు తాగాలి. ఆ పద్ధతి తరువాత ఆంధ్రప్రదేశ్‌కు కూడ వచ్చింది. ఆలోచన మంచిదే. అయితే తాగిన నీటికి దారి చూపే ఏర్పాటు లేనిచోట ఆ గంట బాలికల చెవికి మరొక విధంగా వినిపిస్తుంది. స్వచ్ఛ విద్యాలయ కార్యక్రమపు సూచన ప్రకారం నలభైమందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి. విరామం పది నిమిషాలు. అంటే 600 సెకన్లు. నలభైమందికి పంచితే తలా పదిహేను సెకన్లు. లెక్కల ఉపాధ్యాయులు ఈ భాగహారాన్ని తరగతిలో చేయించవచ్చు. అన్ని తరగతులకూ ఒకేసారి విరామం ఇవ్వడం మాని, వంతులవారీగా ఇచ్చినట్లయితే, ఇటుక పేర్చకుండానే, రూపాయి ఖర్చు లేకుండానే ఈ రద్దీ సగం తగ్గుతుంది.

శాసనాల కొరత లేదు. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి బడిలో సురక్షితమైన తాగునీరు, బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండాలన్నది. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆరు నెలల గడువు విధించింది. 2014 స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగంలో ప్రధానమంత్రి ఏడాది లోపల దేశమంతటా ఆ పని పూర్తికావాలన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న ప్రారంభమైన ‘మనబడి నాడు-నేడు’ కార్యక్రమంలో నీటి వసతి గల మరుగుదొడ్లకు ముఖ్యస్థానం లభించింది. గదులు కట్టబడ్డాయి. ఆ గదులు వాడుకకు పనికివస్తున్నాయా అన్నది వేరే ప్రశ్న. గ్రామీణ పాఠశాలలను ప్రత్యక్షంగా చూసి తయారుచేసే ‘అసర్’ నివేదిక ప్రకారం, 2024లో దేశం మొత్తం మీద బాలికలు వాడుకోగల స్థితిలో మరుగుదొడ్డి కనిపించిన బడులు 72 శాతం. 2018లో అది 66.4 శాతం. ఆరేళ్లలో పెరిగింది ఆరు శాతం లోపే. గోడ కట్టడం ఒకసారి చేసే పని. నీరు పోయడం, కడగడం రోజూ చేసే పని. ప్రారంభోత్సవాలు మొదటిదానికే జరుగుతాయి.

కడిగేది ఎవరు అన్న ప్రశ్న చాలాచోట్ల గుసగుసగానే మిగిలిపోతుంది. పనిమనిషి లేనిచోట ఆ పని పిల్లలపై పడుతుంది. అందరిపై సమానంగా పడితే అందులో నేర్చుకొనవలసినది కొంత ఉంటుంది. కొన్ని కులాల పిల్లలను, లేదా ఆడపిల్లలను మాత్రమే పిలిచినప్పుడు అది పాఠం కాదు, అవమానం. చీపురు ఎవరి చేతికి ఇస్తున్నారో తరగతి అంతా చూస్తూ ఉంటుంది. 2021లో రాష్ట్ర ప్రభుత్వం మరుగుదొడ్ల నిర్వహణకు ప్రత్యేక నిధి ఏర్పరచి, ఆయాలను నియమించడంతో ఈ సమస్యకు ఒక దారి దొరికింది. ఆ ఆయాకు జీతం నెలనెలా అందడం, చేతికి తొడుగులు, కాళ్లకు బూట్లు ఉండడం కూడ పరిశుభ్రతలో భాగమే.

బాలికల నెలసరి విషయంలో మౌనం మరింత చిక్కనిది. 2021 అక్టోబరులో ‘స్వేచ్ఛ’ పేరిట 7 నుండి 12వ తరగతి వరకు చదివే బాలికలకు నెలకు పది చొప్పున న్యాప్‌కిన్లు ఉచితంగా ఇచ్చే పథకం మొదలైంది. వాడిన దానిని ఎక్కడ పారవేయాలి? మూత ఉన్న ఒక బుట్ట, లోపలి నుండి పడే గడియ, ఒక బకెట్టు నీరు. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ బాలిక ఆ నాలుగు రోజులు ఇంటివద్దనే ఉండిపోతుంది. హాజరుపట్టీలో ఆ గైర్హాజరుకు కారణం రాయబడదు.

నీటిలో వచ్చే రోగాలు గతకాలపు సంగతి అనుకోవడానికి వీలులేదు. బేతంచెర్లకు పొరుగున ఉన్న పాణ్యం మండలంలోని గోరుకల్లులో 2021 ఏప్రిల్‌లో అతిసారం ప్రబలి, ప్రాణనష్టం జరిగింది. పెద్ద జలాశయం ఉన్న ఊరు అది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో కూడ అటువంటి విషాదమే సంభవించింది. మలంలోని సూక్ష్మక్రిమి నోటిని చేరడానికి దారులు కొన్నే: వేళ్లు, ఈగలు, నేల, నీరు, అన్నం. మధ్యాహ్న భోజనానికి పళ్లెం పట్టుకొని వరుసలో నిలబడ్డ పిల్లవాడి వద్ద ఆ దారులన్నీ కలుస్తాయి. పళ్లెం కడిగిన నీళ్లలోనే చేయి ముంచి, అదే చేతితో పప్పన్నం కలుపుకొంటాడు. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లోనూ 2025 జనవరి 4న డొక్కా సీతమ్మ పేరిట మధ్యాహ్న భోజనం ప్రారంభమైంది. గోదావరి లంకల్లో వేళ కాని వేళ వచ్చినవారికీ అన్నం పెట్టిన ఆ ఇల్లాలి పేరు పథకానికి తగినదే. ఈ పాఠం చదివే విద్యార్థుల్లోనూ కొందరు ఆ వరుసలో నిలబడినవారే అయి ఉంటారు.

వాంతులు, విరేచనాలతో శరీరం కోల్పోయే నీటిని, లవణాలను తిరిగి అందించగలిగితే మనిషి బతుకుతాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బనగావ్ శిబిరంలో కలరా చెలరేగి, నరాలకు ఎక్కించే సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, దిలీప్ మహలనబీస్ అనే వైద్యుడు ఉప్పు, పంచదార కలిపిన పొట్లాలను నీటిలో కరిగించి తాగించాడు. నూటికి ముప్పైమంది చొప్పున పోతున్న ప్రాణాలు నలుగురి లోపునకు తగ్గాయి. నేడు ప్రతి ఆరోగ్య ఉపకేంద్రంలో దొరికే ఓఆర్‌ఎస్ పొట్లం చరిత్ర అది. ఒక పొట్లం లీటరు నీటికి. గ్లాసెడు నీటిలో పొట్లమంతా కలిపి తాగించడం మేలుకు బదులు కీడు చేస్తుంది. ఇంటిలో చిన్న తమ్ముడికి, చెల్లెలికి అది కలిపి ఇచ్చేది తరచు బడికి వెళ్లే పిల్లలే కనుక ఈ కొలత వారికి తెలియడం అవసరం.

తెలియడానికీ చేయడానికీ మధ్య దూరం చదువుకొన్నవారిలోనూ ఉంటుంది. 1847లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, శవపరీక్ష చేసిన చేతులతోనే కాన్పులు చేయడంవల్ల బాలింతలు మరణిస్తున్నారని కనిపెట్టి, చేతులు కడిగించాడు. మరణాలు కొద్ది నెలల్లోనే పడిపోయాయి. అయినా సాటి వైద్యుల్లో చాలామంది అంగీకరించలేదు. పెద్దమనుషుల చేతులు అపరిశుభ్రమని ఒప్పుకోవడం వారికి నామోషీ అనిపించింది. ఆయన చేతులు కడగడానికి వాడిన ద్రావణం సున్నానికి క్లోరిన్ పట్టించి చేసినది. ఈనాటి బ్లీచింగ్ పౌడరు దాని బంధువే. సున్నానికి మూలం సున్నపురాయి. నీటిని కఠినం చేసే రాయి నుండే నీటిని శుద్ధిచేసే పొడి కూడ పుట్టిందన్న సంగతి బేతంచెర్ల విద్యార్థులకు కొంత సంతోషం కలిగించవచ్చు. వెయ్యి లీటర్ల నీటికి మంచి రకం పొడి సుమారు రెండున్నర గ్రాములు చాలు. కలిపిన తరువాత గంటసేపు ఆగాలి. తెరచి ఉంచిన డబ్బాలో పొడి సత్తువ కోల్పోతుంది. ఎండలో నెలల తరబడి మూతలేకుండా ఉన్న పొడిని చల్లి, శుద్ధి జరిగిందని తృప్తిపడడం వ్యర్థం.

2020లో కరోనా వచ్చినప్పుడు ప్రతి గుమ్మం ముందు బకెట్టు, సబ్బు వెలిశాయి. భయం తగ్గగానే సబ్బు మాయమైంది. బడుల్లో సబ్బు నిలవకపోవడానికి మరో చిన్న కారణం ఉంది: ఎవరో ఒకరు జేబులో వేసుకొని పోతారు. పాత మేజోడులోనో, ఉల్లిపాయల వలసంచి ముక్కలోనో సబ్బు వేసి, తాడుతో కుళాయికి కట్టివేస్తే అది అక్కడే ఉంటుంది; వలమీదనే చేయి రుద్దుకోవచ్చు. నీరు తక్కువగా ఉన్నచోట ఐదు లీటర్ల ఖాళీ డబ్బాను కర్రకు వేలాడదీసి, కాలితో తాడు నొక్కితే సన్నని ధార పడేటట్లు అమర్చుకోవచ్చు. కుళాయిని మురికిచేతితో తిప్పే అవసరమే ఉండదు. ఏటా రెండుసార్లు నులిపురుగుల నివారణ దినాన ఆల్బెండజోల్ మాత్ర మింగిస్తారు. ఆ మాత్ర కడుపులో ఉన్న పురుగులను చంపుతుంది. మరునాడే చెప్పులు లేని పాదంతో తడి నేలపై నడిచినా, గోళ్ల కింద మట్టితో అన్నం తిన్నా కొత్తవి చేరతాయి.

ఇక సున్నపురాతి నేలకే ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి మిగిలింది. మరుగుదొడ్డి గుంత నీటివనరుకు కనీసం పదిహేను మీటర్ల దూరంలో ఉండాలన్నది సాధారణ నియమం. మట్టినేలలో ఆ దూరం సరిపోతుంది. పగుళ్లబారిన రాతిలో పదిహేను మీటర్లు కాదు, అంతకు ఎన్నో రెట్ల దూరమైనా పూచీ ఇవ్వలేదు. గుంత అడుగును సిమెంటుతో మూసి, చుట్టూ ఇసుక నింపడం, లేదా మురుగు బయటికి పొక్కని సెప్టిక్ ట్యాంకు కట్టి దాని నీటిని బోరుకు ఎగువన వదలకుండా చూడడం మేలు. కట్టే మేస్త్రీకి బండను పగలగొట్టడం కష్టం కనుక లోతు తగ్గిస్తాడు, లేదా ఉన్న పగులునే వాడుకొంటాడు. బోరు ఎక్కడ, గుంత ఎక్కడ అని అడిగేవారు ఒకరుండాలి.

అడిగి ఊరుకోనక్కరలేదు, పరీక్షించవచ్చు. నీటిలో మలసంబంధమైన కాలుష్యం ఉన్నదీ లేనిదీ తెలుసుకొనేందుకు 1982లో గ్వాలియర్‌లో మంజా బృందం ఒక తేలిక పద్ధతి రూపొందించింది. రసాయనం పట్టించిన కాగితపు ముక్క వేసిన చిన్న సీసాలో నీరు నింపి, మూత బిగించి, గది వేడిలో ఉంచాలి. క్రిములు ఉంటే అవి వెలువరించే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువువల్ల నీరు నల్లబడుతుంది. ఖరీదైన పరికరం, పట్టా పొందిన నిపుణుడు అక్కరలేదు. జూనియర్ కళాశాల ప్రయోగశాలలోని బల్ల చాలు. పరీక్ష ఎండాకాలంలో ఒకసారి, తొలకరి వానలు పడిన వారంలో మరొకసారి చేయాలి. పైనున్న మురికినంతా రాతిపగుళ్లు ఒక్కసారిగా లోపలికి పీల్చుకొనేది ఆ వారంలోనే. ఇంటి బోరు నుండి ఒకటి, బడి కుళాయి నుండి ఒకటి, కొనుక్కొన్న క్యాను నుండి ఒకటి, పట్టిన తేదీ రాసి మూడు సీసాలు కిటికీకి దూరంగా వరుసగా పెడితే, రెండు రోజులు గడిచేసరికి ఏది తేటగా ఉందో, ఏది నల్లబడిందో తరగతి మొత్తానికీ కనిపిస్తుంది.